‘గందమూల కౌద్దాలికులైన నేమి’: అక్కడ ఉన్నది ‘కౌ’ అక్షరమా, ‘కు’ అక్షరమా?

తూరుపుమిట్ట:
శాక్రమెంటోకు తూర్పున, సియెర్రా నెవాడా పర్వతాలు మొదలయ్యే మిట్టల్లో, బ్లూ ఓక్ చెట్ల మధ్య మా ఇల్లు. పెరట్లో దానిమ్మ మొక్కకు గొయ్యి తవ్వుతూ, పోతనదని చెప్పుకునే ‘బాల రసాల సాల’ చాటుపద్యంలోని ‘హాలికులైన నేమి గహనాంతర సీమల గందమూల’ అనుకుంటూ పోయి అక్కడ ఆగిపోయాను. కావ్యకన్యను కూళలకిచ్చి ఆ కూడు తినడం కంటె సత్కవులు నాగలి పట్టినా, అడవుల్లో దుంపలు తవ్వుకున్నా తప్పేమిటన్నది పద్యం. తరువాతి మాట ‘కౌద్దాలికులైన’ అని నా జ్ఞాపకం. ఇంట్లో వారు ‘కుద్దాలికులైన’ అని గట్టిగా చెబుతున్నారు. అక్షరంతో పాటు పనిముట్టు సంగతీ తేల్చండి. ఇక్కడి ఎర్రమట్టి పైన జానెడు మేర పారకు లొంగుతుంది, దాని కింద ముదురు ఎరుపు బంకమన్ను తగులుతుంది. ఆగస్టులో దాని మీద గడ్డపార వేస్తే ఖంగుమని మోగుతుంది. ఫిబ్రవరిలో అదే మన్ను పారను పట్టుకుని వదలదు. ఇటువంటి నేలలో దుంపలు తవ్వుకుని బతకవచ్చునన్న కవి, తవ్వేవారి చేతిలో ఏ పనిముట్టును ఊహించి ఉంటాడు?

ఛందోవ్యసని:
ఛందస్సు ఈ తగవు తీర్చదు. ‘కౌ’ మూడవ పాదం చివరి అక్షరం, ‘ద్దా’ నాలుగవ పాదం మొదటి అక్షరం. తరువాత ద్విత్వం ఉన్నందున ‘కు’ అని చదివినా అది గురువే అవుతుంది. ప్రాస ‘లి’ మీద, యతి ‘నిజదార’లోని ‘దా’ మీద ఉన్నాయి కనుక వాటికీ ఈ అక్షరంతో పని లేదు. తేల్చవలసింది వ్యాకరణమే. ‘తేన దీవ్యతి ఖనతి జయతి జితమ్’ అనే పాణిని సూత్రానికి (4.4.2) వృత్తికారులు, అంటే వ్యాఖ్యాతలు, ‘ఖనతి’ (తవ్వుతాడు) దగ్గర ఇచ్చిన ఉదాహరణలు రెండు: అభ్రితో తవ్వేవాడు ఆభ్రికుడు, కుద్దాలంతో తవ్వేవాడు కౌద్దాలికుడు. ‘ఇక’ అనే ఆ ప్రత్యయం చేరినప్పుడు ఆదివృద్ధి, అంటే మొదటి ‘ఉ’ ‘ఔ’ కావడం, తప్పదు. కాబట్టి ‘కౌ’ సాధువు, ‘కు’ వినికిడి పొరపాటు. పనిముట్టు గుద్దలి, కుద్దాలానికి అది వికృతి.

ఏకశిల:
వృత్తికారుల ఉదాహరణ మాకూ తెలుసు. అయితే అదే ధ్వనిని ‘కందమూలక + ఔద్దాలికులు’ అని కూడా విడదీయవచ్చునన్న సంగతి ఛందోవ్యసని గారు గమనించినట్టు లేదు. ఆయుర్వేదం చెప్పే ఎనిమిది రకాల తేనెల్లో ఔద్దాలకం ఒకటి. పుట్టల్లో ఉండే కపిలవర్ణపు చిన్న కీటకాలు దానిని చేస్తాయని అంటారు. మన పుట్టతేనె అదేనని నా అభిప్రాయం. అడవిలో బతికేవాడు దుంపలతో పాటు పుట్టతేనె కూడా తీసుకుంటాడు కానీ, రోజంతా దుంపలే తవ్వుతూ కూర్చోడు.

ఛందోవ్యసని:
తేనె పేరు ఔద్దాలకం, ఔద్దాలికం కాదు. మీరు చెప్పే అర్థం రావాలంటే దాని మీద ‘ఇక’ వంటి మరొక తద్ధిత ప్రత్యయం పడాలి, అప్పుడు పాదం చెడుతుంది.

చెలకబిడ్డ:
నేను చదివింది వ్యవసాయశాస్త్రం కనుక మట్టి వైపు నుంచి వస్తాను. తూరుపుమిట్ట గారి ప్రాంతపు నేలలకు అక్కడి మృత్తికా పటాల్లో ఆబర్న్, ఆర్గొనాట్ అనే పేర్లు కనిపిస్తాయి. రెండూ పాత అగ్నిపర్వత శిలలు వేడికి, ఒత్తిడికి రూపు మారగా ఏర్పడిన పచ్చరాతి జాతుల నుంచి పుట్టినవి. ఆ రాళ్లలో ఇనుము దండిగా ఉంటుంది. శిల చివికే కొద్దీ అది ఆక్సైడుగా మారి రేణువులకు పూతలా అంటుకోవడం వల్ల ఈ ఎరుపు వస్తుంది. ఆబర్న్ నేలలో బంక తక్కువ, రాయి త్వరగా తగులుతుంది. ఆయన వర్ణించినది ఆర్గొనాట్‌కు దగ్గరగా ఉంది: పైన ఒండ్రు కలిసిన గుల్ల మట్టి, దాని కింద ఒక్కసారిగా బంకపొర, 20 నుంచి 40 అంగుళాల లోపు చివికిన రాయి. చలికాలపు వానలు సన్నని బంకరేణువులను కిందికి దించి అక్కడ పేరుస్తాయి. ఆ పొరలోంచి ఒక పెళ్లను విరిచి ఎండలో తిప్పి చూడండి, ముఖాల మీద మైనం పూసినట్టు మెరుపు కనబడుతుంది. దిగివచ్చిన బంక అదే.

మన నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది. ఈ ఎర్రబంక అంతగా విచ్చదు, బిగుసుకుపోతుంది. రేగడిలో నీటికి బాగా ఉబ్బే బంకఖనిజాలు ఎక్కువ. ఎర్రనేలల్లో సాధారణంగా ఉబ్బని కయొలినైటు పాలు ఎక్కువగా ఉంటుంది, ఇనుప ఆక్సైడు రేణువులను పట్టి ఉంచుతుంది. తెలంగాణ చెలకలు మళ్లీ వేరు. గ్రానైటు, నైస్ రాళ్ల నుంచి వచ్చినవి కనుక ఇసుక పాలు ఎక్కువ, తొలకరి పడగానే గుద్దలి సులువుగా దిగుతుంది. కవి చూసింది చెలకే అయితే గుద్దలి సరిపోతుంది. ఓక్ మిట్టల ఎండాకాలపు బంకకు మాత్రం గడ్డపారే గతి.

తూరుపుమిట్ట గారికి ఒక మనవి. మీ వైపు కొన్నిచోట్ల నేలలోనే ఆస్బెస్టాస్ పీచు సహజంగా ఉంటుంది. తవ్వే ముందు మట్టిని తడపండి, దుమ్ము లేవనీయకండి.

ఒంటిమిట్ట వాసి:
చెలక అని ఎలా నిశ్చయించారు? పోతన మా కడప సీమవాడని నమ్మేవారం ఇంకా ఉన్నాము. మా నేలను చూసి ఉంటే గుద్దలి అనేవాడు కాదు.

ఏకశిల:
ఆ తగాదా ఇక్కడ వద్దు. పోతన ఇంటిపేరైన బమ్మెర ఎక్కడుందో అందరికీ తెలుసు. అయినా ఈ చాటువు మంచన అనే మరో పాత కవిదనే వారు కూడా ఉన్నారు. పోతన పేరు చెప్పి మట్టిని నిర్ణయించడం ప్రమాదం. పోతనదే అనుకున్నా, నాగలి పట్టినవాడు హాలికులను ముందు చెప్పి తవ్వేవారిని తరువాత చెప్పడంలో ఒక మెట్టు కిందికి దిగడం ఉంది. సేద్యమైనా మేలే, అదీ లేకపోతే అడవి అయినా మేలే, కూళల కూడు మాత్రం వద్దంటున్నాడు. ఆ దిగడం నాకు ఈ పద్యంలో అన్నింటికంటె ఇష్టం.

తూరుపుమిట్ట:
చెలకబిడ్డ గారు గడ్డపారే గతి అన్నారు కానీ, ఈ మిట్టల్లో ఇనుము లేకుండానే దుంపలు తవ్వినవారు ఉన్నారు. ఇక్కడి ఆదివాసులైన నిసెనాన్‌లు గట్టికర్రను మొనదేల్చి నిప్పులో కాల్చి గట్టిపరచి, బ్రోడియా వంటి మొక్కల దుంపలను దానితో పెకలించేవారు. నేల మెత్తబడి ఉన్న కాలాన్ని ఎంచుకుంటే బంకపొర దాకా పోనక్కరలేదు, ఆ దుంపలు పై మట్టిలోనే ఉంటాయి. పెద్ద దుంపను తీసుకుని చిన్న పిలకలను అక్కడే వదిలేవారు; తవ్వినచోట మట్టి గుల్లబారి మరుసటి ఏడు మళ్లీ మొలిచేవి. బమ్మెర దగ్గరి పాలకుర్తి అడవైనా, కాలిఫోర్నియా ఓక్ వనమైనా ‘గహనాంతర సీమ’లో బతుకు ఇలాగే ఉంటుంది. కుద్దాలం ఇనుపదే కానక్కరలేదేమో?

ఛందోవ్యసని:
మంచి మాట. ‘అభ్రిః స్త్రీ కాష్ఠకుద్దాలః’ అని అమరం. కొయ్య కుద్దాలం అభ్రి అయితే, వట్టి కుద్దాలం అన్నప్పుడు కొయ్యది కాదనే కదా అర్థం? వృత్తికారులు రెంటికీ వేరువేరు ఉదాహరణలు ఇవ్వడం కూడా నా పక్షమే.

ఏకశిల:
‘కాష్ఠ’ అన్న విశేషణం అవసరమైందంటే కుద్దాలం ఏ పదార్థానిదైనా కావచ్చునని కూడా అర్థం. ఇక తేనెను వదిలేసినా నా విరుపు నిలుస్తుంది. గురువు ఆజ్ఞ మీద మడిగట్టు గండికి అడ్డంగా పడుకున్న ఆరుణి, పిలుపు విని గట్టును చీల్చుకుని లేచినందుకు ఉద్దాలకుడయ్యాడు. ఉద్దాలనం అంటే చీల్చడం, పెకలించడం. కందమూలకాలను పెకలించేవారు ఔద్దాలికులు. పనిముట్టు ఏదో కవి చెప్పనే లేదు, చెప్పనక్కరా లేదు.

ఛందోవ్యసని:
‘మూల’ చాలినచోట ‘మూలక’ ఎందుకు? పాదం నింపడానికి వ్యర్థమైన ‘క’ వేసే కవి కాడాయన. పైగా మూలకం అంటే ముల్లంగి కూడా.

చెలకబిడ్డ:
ముల్లంగి అయితే ఆర్గొనాట్ బంకపొర మీద వంకర తిరుగుతుంది. చెలకలో నిటారుగా దిగుతుంది. అందువల్ల పాఠం ఏదైనా నేల మాత్రం చెలకే. తూరుపుమిట్ట గారూ, ఆ దానిమ్మను ఓక్ మొదలుకు దగ్గరగా పెట్టకండి. ఆ చెట్టు కింద రాలిన ఆకు వల్ల మట్టి బయటి గడ్డినేల కంటె గుల్లగా, సారవంతంగా ఉంటుంది కనుక మనసు అక్కడికే పోతుంది. కానీ ఎండాకాలంలో మీరు పోసే నీరు బంకపొర మీద నిలిచి, వేసవి తడికి అలవాటు లేని ఓక్ వేరును కుళ్లిస్తుంది.

ఒంటిమిట్ట వాసి:
మా బడిలో పంతులుగారు ‘గౌద్దాలికులైన’ అని చెప్పించేవారు. ‘సీమల గందమూల’లో ‘గ’ వచ్చినట్టే ఇక్కడా వస్తుందనేవారు.

ఛందోవ్యసని:
‘సీమల’ తరువాత వచ్చింది ద్రుతకార్యం. ‘కందమూల కౌద్దాలిక’ అన్నది ఒకే సంస్కృత సమాసం. లోపల సరళాదేశం (‘క’ ‘గ’గా మారడం) రాదు.

ఏకశిల:
సమాసం ఒకటేనని ఒప్పుకున్నారు కదా, ఇక ‘మూల’ దగ్గర విరవాలో ‘మూలక’ దగ్గర విరవాలో మీరు మాత్రం ఎలా చెబుతారు? తాటాకు మీద పదాల మధ్య ఖాళీలు ఉండవు. విరుపు చెప్పే పాత టీక ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పుట ఇక్కడ పెట్టండి. అంతవరకు నా ‘ఔ’ను వదలను.