380 ఎస్‌ఎల్ కొనాలా, 560 ఎస్‌ఎల్ కొనాలా? ఇంజన్ విషయంలో సలహా కావాలి

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి)
అందరికీ నమస్కారం. పైకప్పు తీసి నడుపుకునే పాత మెర్సిడెస్ ఒకటి కొనుక్కోవాలన్నది నా చిరకాల కోరిక. మూడు రోజులుగా రాత్రి రెండు గంటల దాకా ప్రకటనలు చదువుతూ కూర్చున్నా, ఏ ఇంజన్ తీసుకోవాలో తేలక విసిగిపోయాను. మా ఊరికి గంట దూరంలో ఒక 380 ఎస్‌ఎల్ ఉంది, ఇంకోచోట 560 ఎస్‌ఎల్ ఉంది; రెండవదానికి దాదాపు రెట్టింపు ధర చెబుతున్నారు. 380 చాలా శుభ్రంగా ఉంది, టైమింగ్ బెల్ట్ కూడా ఈమధ్యనే మార్చామని అమ్మే ఆయన అన్నారు. కొందరు 380 జోలికే వెళ్ళవద్దంటారు, కొందరు అదే హాయి అంటారు, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. దయచేసి సూటిగా చెప్పండి.

సమాధానం 1
ఏ సంవత్సరపు 380? అది తెలియకుండా సలహా లేదు. ఆ ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది.

సమాధానం 2
ఇంజన్ గురించి తరువాత ఆలోచించవచ్చునండీ, ముందు తుప్పు చూడండి. 1971 నుంచి 1989 దాకా తయారైన ఈ 107 శ్రేణి కార్లలో జాకీ పెట్టే చోట్లు, కాళ్ళ కింది నేల, గుడ్డ పైకప్పు మడిచి దాచే అర, ముందు అద్దం అడుగుభాగం ముందుగా తుప్పు పడతాయి. మీ ప్రాంతంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక కారును లిఫ్ట్ మీదికి ఎత్తించకుండా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. స్టీరింగ్ బాక్స్ దగ్గర ముందు సబ్‌ఫ్రేమ్ (ముందు చక్రాలను మోసే చట్రం) పగిలిందేమో కూడా చూపించుకోండి. ఇంజన్‌ను ఎప్పుడైనా విప్పి బాగు చేయించుకోవచ్చు, కుళ్ళిపోయిన ఒంటిని మాత్రం ఎంత పోసినా నిలబెట్టలేము.

సమాధానం 3
తుప్పు మాట నిజమే, కానీ వారు అడిగింది ఇంజన్ గురించి. అమెరికాలో 380 ఎస్‌ఎల్‌ను 1981 నుంచి 1985 వరకు అమ్మారు. అందులో 1981, 82, 83 మోడళ్ళకు టైమింగ్ చైన్ (వాల్వులను సరైన సమయానికి తెరిపించే గొలుసు) ఒకే వరుసది. అది సాగి, దాన్ని దారిలో పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగి, పళ్ళు తప్పినా తెగినా వాల్వులు పిస్టన్లను కొట్టుకుని ఇంజన్ పాడవుతుంది. 1984 నుంచి రెండు వరుసల చైన్ వేశారు. ముందటి కార్లలో చాలావాటికి తరువాత రెండు వరుసలది బిగించుకున్నారు, అయితే ఆ పనికి రసీదు ఉండాలి, నోటిమాట చాలదు. పాత 450 ఎస్‌ఎల్‌కు మొదటి నుంచీ రెండు వరుసలే, పైగా ఇనుప బ్లాకు. 1986 నుంచి 1989 దాకా వచ్చిన 560కి 227 హార్స్ పవర్ ఉంటే, అమెరికా 380కి 155 మాత్రమే. సాయంత్రాలు నెమ్మదిగా తిరగడానికి 155 సరిపోతుందని నా అనుభవం. హైవే మీద దూరాలు వెళ్ళేవారైతే 560 ధర గురించి చింతించకండి. చైన్ రెండు వరుసలదైనా గైడ్లు పాతబడతాయి కనుక 560కి కూడా వాటిని ఎప్పుడు మార్చారో అడగండి.

సమాధానం 4
155 అన్నది అమెరికా పొగ నిబంధనల కోసం తగ్గించిన లెక్క. అదే 3.8 లీటర్ల ఇంజన్ యూరప్‌లో 1980లో 218 ఇచ్చేది. ఐరోపా 500 ఎస్‌ఎల్ ఇంకా మంచిది, ఆ రోజుల్లో ఎంతోమంది దానిని సొంతంగా తెప్పించుకునేవారు, దిగుమతి కార్లపై 1988లో వచ్చిన చట్టంతో అప్పట్లో ఆ దారి మూసుకుపోయింది. దొరికితే అది చూడండి.

సమాధానం 1
వారి ముందున్నవి రెండే కార్లు. 500 ఎందుకు?

సమాధానం 5
బెల్ట్ అన్నందుకు మొదటి ఆయన అంత కటువుగా అనవలసింది కాదు. మామూలు జనం చైన్‌ను కూడా బెల్ట్ అనే పిలుస్తారు, అర్థమైతే చాలు.

సమాధానం 3
క్షమించండి, ఇక్కడ ఆ మాట తేడాయే అసలు విషయం. అమ్మే ఆయన మార్చింది ఫ్యాన్ బెల్ట్ అయితే, చైన్ ముట్టుకోకుండానే ఉండిపోయిందన్న మాట. ఆ ఒక్క మాట నమ్మి కొంటే వేల డాలర్ల నష్టం.

సమాధానం 2
లిఫ్ట్ మీద ఎత్తించిన తరువాతే ఈ చర్చ అంతా అని మళ్ళీ మనవి చేస్తున్నాను.

ప్రశ్నించినవారు
సంవత్సరం రాయనందుకు మన్నించండి, అన్ని 380లూ ఒకటేననుకున్నాను. ప్రకటనలో 1984 అని ఉంది, కానీ పత్రాల ఫొటోలో కారు గుర్తింపు నంబరు (విన్)లోని పదవ అక్షరం డి కనిపిస్తోంది.

సమాధానం 1
డి అంటే 1983 మోడల్. ఈ అంటే 1984.

సమాధానం 3
అయితే ఒకే వరుస చైనే అనుకుని బేరం చేయండి. చైన్ కనిపించేలా వాల్వ్ కవర్ విప్పి చూపమనండి, ఒప్పుకోకపోతే చైన్ మార్పిడి ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. 560 వివరాలు కూడా ఇక్కడ పెడితే అందరం చూస్తాం.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండీ. శనివారం మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళుతున్నాను. బెల్ట్ రసీదు పంపమని అమ్మే ఆయనకు రాశాను, ఇంకా జవాబు రాలేదు.