గానుగ నూనెకి రెండింతలు పెట్టడం దండగేనా?

ఇంటిలెక్కలు: ఇంట్లో నలుగురం. నెలకి 5 లీటర్ల రిఫైన్డ్ సన్‌ఫ్లవర్, లీటరు 150. గానుగ పల్లీనూనె 380 అంటున్నారు. యూట్యూబ్‌లో ఒకాయన రిఫైన్డ్ విషమంటాడు, ఇంకొకాయన గానుగంతా మోసమంటాడు. సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి. 95 ఏళ్ళ అమ్మమ్మ కథలు మాత్రం వద్దు, దండం పెడతా.

ల్యాబ్‌కోటు: "విషం" అన్న మాట పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో చూద్దాం. గింజని ఎక్స్‌పెల్లర్ అనే మరలో పిండుతారు. పిండాక మిగిలే పిప్పిలో, అంటే చెక్కలో, ఇంకా ఉన్న నూనెని హెక్సేన్ అనే ద్రావకంతో కడిగి లాగుతారు. హెక్సేన్ 70 డిగ్రీల లోపే ఆవిరైపోతుంది. తర్వాత ఫాస్ఫారిక్ లేదా సిట్రిక్ ఆసిడ్‌తో జిగురు తీస్తారు. కాస్టిక్ సోడాతో పులుపు, అంటే ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్, విరుస్తారు. బ్లీచింగ్ మట్టితో రంగు దించుతారు. సన్‌ఫ్లవర్ అయితే చల్లబరిచి మైనం వడకడతారు. చివర వాక్యూమ్‌లో 230 డిగ్రీలు దాటించి ఆవిరి పంపిస్తే వాసన పోతుంది. ఇన్ని దాటాక హెక్సేన్ ఎక్కడుంటుందండీ? చట్టం ప్రకారం కిలోకి 5 మిల్లీగ్రాములు మించకూడదు.

కదిరిచెనక్కాయ: ల్యాబ్‌కోటు గారూ, ఆ లెక్క మీరే చెప్పారు, 5 మిల్లీగ్రాములని. అంటే ఉండొచ్చనేగా?

ఇంకోటి. ఆ 230 డిగ్రీల దగ్గర వాసన ఒక్కటే పోదు. విటమిన్ ఇ, స్టెరాల్స్ కొంత ఆవిరితో పాటే పోతాయి. ఆ పోయినదాన్ని పట్టి విటమిన్ ఇ తయారీకి విడిగా అమ్ముకుంటారు. తర్వాత నూనెలో ఎ, డి కలిపి ప్యాకెట్ మీద "ప్లస్ ఎఫ్" గుర్తు వేస్తారు. ఉన్నది తీసి లేనిది కలపడం.

ల్యాబ్‌కోటు: పరిమితి పెట్టారంటే ఉన్నట్టు కాదు, దాటితే పట్టుకోడానికి. ఎ, డి గింజలో ముందు నుంచీ లేవు, అందుకే కలుపుతారు. కొవ్వుల తీరు రిఫైన్ చేసినా మారదు. పల్లీనూనె ఎలా తీసినా ఓలియిక్ అనే ఫ్యాటీ ఆసిడ్ దాదాపు సగం, సన్‌ఫ్లవర్‌లో లినోలియిక్ అనేది ఎక్కువే.

కారప్పూస: హెక్సేన్ హెక్సేన్ అని కొట్టుకుంటున్నారు గానీ, నెలకి 5 లీటర్లన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ పళ్ళెం లెక్క మనిషికి రోజుకి 27 గ్రాములు. నలుగురికి నెలకి 3,240 గ్రాములు, మూడున్నర లీటర్లు.

కదిరిచెనక్కాయ: హెక్సేన్ ఉండొచ్చా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ల్యాబ్‌కోటు: లెక్కలోకి రానంత. ఇప్పుడు నేనడుగుతా. బూజు పట్టిన పల్లీలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది. మామూలు వంట వేడికి అది చావదు. రిఫైనరీలో కాస్టిక్‌కీ బ్లీచింగ్ మట్టికీ పోతుంది. గానుగలో ఆ రెండూ లేవు. మడ్డి సరిగ్గా తేరని సీసాలో ఆ మడ్డితో పాటే వస్తుంది. మీ గానుగాయన దగ్గర తేమ మీటరుందా?

కదిరిచెనక్కాయ: బాగా ఆడించేవాడి దగ్గర ఉంటుంది. అఫ్లాటాక్సిన్‌లో ఎక్కువ వంతు చెక్కలోనే ఉండిపోతుందని మీకు తెలిసే దాటేశారు.

పద్ధతి చెప్తా, మిగతావాళ్ళకి పనికొస్తుంది. విత్తనాల్లో ముడుచుకున్నవి, నల్లబడ్డవి, చిల్లులు పడ్డవి ఏరేయాలి. తేమ 7 శాతం దాటకూడదు, నోట్లో వేసుకుంటే పటుక్కుమనాలి. ఒక వాయికి 12 నుంచి 15 కిలోలు, ముప్పావుగంట నుంచి గంట. మధ్యలో కాసిని నీళ్ళు చిలకరిస్తారు. పిండి ముద్ద కడితేనే నూనె ఊరుతుంది. నీళ్ళు ఎక్కువైతే నూనె మబ్బుగా వస్తుంది, నెల తిరక్కుండా కారు వాసన. తీశాక స్టీలు డ్రమ్ములో రెండు మూడు రోజులు తేరనిచ్చి, గుడ్డలో వడకట్టి, అడుగు వదిలేయాలి. మూడు నెలల్లో వాడేయాలి.

ధర సంగతి. లీటరుకి సుమారు రెండున్నర కిలోల విత్తనాలు కావాలి. మీ ఊరి విత్తనాల ధరని రెండున్నరతో గుణించండి, చెక్క అమ్మితే వచ్చేది తీసేయండి. అంతకన్నా తక్కువకి "కట్టె గానుగ" అని అమ్మితే అది గానుగది కాదు.

టిఫిన్‌సెంటర్: పూరీకి గానుగ నూనె పెట్టి చూడండి తెలుస్తుంది. జిగురు ఉంటుంది కాబట్టి నురగ పొంగుతుంది, రెండో వాయికే నల్లబడుతుంది. పొగ కూడా తొందరగా వస్తుంది. తిరగమోతకీ పచ్చడికీ రాజా, బాణలికి పనికిరాదు. రిఫైన్డ్ అయినా కాచి కాచి వాడితే ఒకటే. కాచినకొద్దీ నూనెలో పెరిగే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే పారబోయాలని 2018 నుంచి రూలుంది.

నిర్మల్‌చలి: నేను 220కి గానుగ నూనె అని కొన్నా. డిసెంబర్‌లో గడ్డ కట్టింది. పామాయిల్ కలిపి అంటగట్టారు.

ల్యాబ్‌కోటు: 220 అంటే అనుమానమే, కానీ గడ్డ కట్టడం రుజువు కాదు. బాగా చలేస్తే అసలు పల్లీనూనే చిక్కబడుతుంది. ల్యాబ్‌లో బెల్లియర్ పరీక్ష చేయించాలి. అంటే నూనెని రసాయనాలతో కలిపి చల్లారుస్తూ ఎక్కడ మబ్బు కడుతుందో చూస్తారు, స్వచ్ఛమైన పల్లీనూనెకి అది 39 నుంచి 41 డిగ్రీల మధ్య. ఏ రకం కొవ్వులున్నాయో చెప్పే అయోడిన్ విలువ 85 నుంచి 99. ఈ రెండూ చూపించే గానుగ ఎన్నుంది చెప్పండి? లైసెన్స్ ఉండదు, లేబుల్ ఉండదు, పాత వాటర్ బాటిల్లో పోసి ఇస్తారు. విడిగా నూనె అమ్మడమే నిషేధం.

కదిరిచెనక్కాయ: చివరికి అక్కడికే వచ్చావు. ఊళ్ళో గానుగలు మూయించి అందరూ ప్యాకెట్టే కొనాలి, అంతేగా? ఎవరి జీతం తింటున్నావో తెలుస్తూనే ఉంది.

ల్యాబ్‌కోటు: జీతం సంగతి తీసుకురాకు. నువ్వు అమ్మే సీసాకి రిపోర్టు పెట్టు ఇక్కడ.

మోడరేటర్: రెండు పోస్టులు తీసేశాం. నూనె గురించి మాట్లాడండి.

కదిరిచెనక్కాయ: సరే, సూటిగా చెప్తా. హెక్సేన్ కాదు నా గొడవ. దేశంలో వాడే నూనెలో సగానికి పైగా దిగుమతి. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి. సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్ నుంచి. అనంతపురంలో చెనక్కాయ రైతు ఏమైపోతున్నాడో ఎవడికీ పట్టదు. ప్యాకెట్ మీద "ద్రావకంతో తీసింది" అని పెద్దక్షరాల్లో రాయమనండి. 319 అని ఇంత చిన్నగా వేస్తే అది టీబీహెచ్‌క్యూ అని, నూనె కారు వాసన రాకుండా కలిపే రసాయనమని ఎందరికి తెలుసు? తెలిసి కొంటే అది వాళ్ళిష్టం. తెలియకుండా కొనిపించి ఇష్టమంటే ఎట్లా?

ల్యాబ్‌కోటు: లేబుల్ మీద రాయమనడానికి నాకేం అభ్యంతరం లేదు. పామాయిల్ మీద ఒక మాట నేనే కలుపుతా: ఎక్కువ వేడిలో వాసన తీసేటప్పుడు గ్లైసిడిల్ ఎస్టర్లనే హానికరమైన పదార్థాలు పుడతాయి. వీటికి యూరప్ 2018లో కిలోకి 1,000 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. ఇలాంటివి అడగండి, అర్థముంది. నాకు మండేది వేరే. ప్యాకెట్ కొనేవాళ్ళలో ఎక్కువమందికి 380 పెట్టే స్తోమతు లేదు. ఆ ఇంటామెకి రోజూ ఫోన్లో "పిల్లలకి విషం వండుతున్నావ్" అని చెప్పేది ఏ ఆధారంతో? 2022 నుంచి ట్రాన్స్‌ఫ్యాట్, అంటే గుండెకి చేటుచేసే కొవ్వు, 2 శాతం మించకూడదు, ప్యాకెట్‌కి బ్యాచ్ నంబరుంది, తేడా వస్తే పట్టుకోవచ్చు. సీసావాడిని ఎక్కడ పట్టుకుంటుంది?

కదిరిచెనక్కాయ: మా ఊళ్ళో సీసావాడి ఇల్లు ఆమెకి తెలుసు. ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలియదు.

ల్యాబ్‌కోటు: ఇల్లు తెలిస్తే అఫ్లాటాక్సిన్ పోతుందా?

కారప్పూస: మళ్ళీ చెప్తున్నా. 5 లీటర్లని మూడున్నర చేసి, అందులో 2 గానుగ, ఒకటిన్నర రిఫైన్డ్ తీసుకుంటే 985. ఇప్పుడు 750 అవుతోంది. తేడా 235. బాణలి తక్కువ పెట్టాలి, అంతే.

టిఫిన్‌సెంటర్: బాణలి తక్కువంటే మేం ఏం తినాలి అక్కా 😀

ఇంటిలెక్కలు: కారప్పూస గారి లెక్క రాసుకున్నా. మేమే పల్లీలు కొని, ఏరుకుని గానుగకి పట్టుకెళ్తే చెక్క ఎవరికి చెందుతుంది?

కదిరిచెనక్కాయ: మీదే. కానీ ముందే మాట్లాడుకోండి. చెక్క వదిలేస్తే చాలాచోట్ల ఆడించే కూలి తగ్గిస్తారు. గేదె ఉంటే వదలొద్దు, బూజు వాసనొస్తే మాత్రం దానికీ పెట్టొద్దు. 10 కిలోలు పట్టుకెళ్తే వాయికి చాలవంటారు, ఇంకొకళ్ళతో కలిసి వెళ్ళండి. వాళ్ళ విత్తనాలు కూడా ఏరినవేనా అని చూసుకోండి.