కొత్తగా బిగించిన డీవీడీ రైటర్ కనబడట్లేదు: డ్రైవ్ పోయినట్టేనా?

పటమటవాసి:
పాత సిస్టమ్‌లోని సాటా (మదర్‌బోర్డుకి కేబుల్‌తో కలిపే రకం) డీవీడీ రైటర్ ఊడదీసి, ఆదివారం కొత్త సిస్టమ్‌లో బిగించాను. 2009 నాటి మా పెళ్లి డీవీడీలు మూడున్నాయి, హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి. బటన్ నొక్కితే ట్రే వస్తోంది, లైటూ వెలుగుతోంది. కానీ విండోస్‌లో లేదు, బయోస్‌లోనూ (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల స్క్రీన్) లేదు. గవర్నర్‌పేటలో ఒక షాపులో అడిగితే, "డ్రైవ్ పోయిందండీ, యూఎస్‌బీది కొనుక్కోండి" అన్నారు. సిస్టమ్ తెరిచి కూడా చూడలేదు. నిజంగా పోయినట్టేనా?

బ్రాడీపేట కుర్రాడు:
అన్నా, షాపాయన చెప్పిందే కరెక్ట్. ఈ రోజుల్లో కేబినెట్‌లో డీవీడీ ఏంటి? యూఎస్‌బీది కొని, పనయ్యాక అటకెక్కించండి.

కృష్ణలంక మెకానిక్:
కొనమనడం తేలికే. ట్రే వస్తోందంటే 15 పిన్నుల పవర్ అందుతోందని, అంతే. డేటా వెళ్లేది పక్కనున్న 7 పిన్నుల సన్న కేబుల్లో. బయోస్‌లోనే లేనప్పుడు విండోస్ డ్రైవర్లతో కుస్తీ దండగ. ముందు కేబుల్, పోర్టు మార్చి చూడండి. ఇంతకీ ఎం.2 ఎస్ఎస్‌డీ, అదే మదర్‌బోర్డు మీదే గుచ్చే స్టోరేజ్ కార్డు, ఏమైనా పెట్టారా?

పటమటవాసి:
పెట్టానండీ. దానికీ దీనికీ సంబంధమేంటి?

కృష్ణలంక మెకానిక్:
అదిగో! చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటు నిండితే సాటా పోర్టులు ఒకటో రెండో ఆగిపోతాయి. లైన్లు ఉమ్మడివి మరి. ఏవి ఆగుతాయో బోర్డు మాన్యువల్లో ఉంటుంది. పాత పేపర్లవాడికి వేసేయలేదు కదా?

బ్రాడీపేట కుర్రాడు:
ఇంత గొడవెందుకండీ, యూఎస్‌బీ అయితే పెట్టగానే పనిచేస్తుంది.

లక్ష్మీపురం అక్క:
తమ్ముడూ, అదీ నా దగ్గరుంది. కేబినెట్ ముందు పోర్టులో పెడితే డిస్కు రెండు చుట్లు తిరిగి టక్కున ఆగేది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. వెనక పోర్టుకి మార్చాకే దారిలోకొచ్చింది.

పటమటవాసి:
5వ పోర్టు నుంచి 1కి మార్చాను, వచ్చేసింది! కానీ ఇప్పుడు ఇంకో టెన్షన్. పాటల సీడీ చదువుతోంది. మొదటి పెళ్లి డీవీడీ పెడితే గరగరమని తిరిగి, ఖాళీ డిస్కు అంటోంది.

బ్రాడీపేట కుర్రాడు:
చెప్పానా! సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. రెండోది కొట్టేసింది.

కృష్ణలంక మెకానిక్:
లెక్క కరెక్టే, తీర్పే తొందర. కొన్న సినిమా డీవీడీ ఒకటి పెట్టి చూడండి. అది అచ్చుగుద్దింది. పెళ్లిది రైటర్‌లో రాసింది, దాని రంగుపొర ఏళ్లు గడిస్తే పాడవుతుంది. మిగతా రెండు డిస్కులూ పెట్టండి.

పటమటవాసి:
సినిమా శుభ్రంగా ఆడింది. రెండోది, మూడోది కూడా చదువుతోంది, కాపీ పెట్టాను. మొదటిదాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూస్తే, అంచున గోరింటాకు పండినట్టు మరక. ముహూర్తం, తలంబ్రాలు ఉన్నది అందులోనే. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

బ్రాడీపేట కుర్రాడు:
అన్నా, చెప్పకండి. ఒక డ్రైవ్ చదవని డిస్కు ఒక్కోసారి ఇంకోదాంట్లో చదువుతుంది. ఆదివారం నా యూఎస్‌బీది పట్టుకొని గుంటూరు నుంచి వస్తా. వెనక పోర్టులోనే పెడదాం.