చిత్తూరు నుంచి ఫ్రోజెన్ మామిడి ముక్కలు ఓడలో పంపడం ఎలా?

చెన్నై పోర్టు నుంచి దుబాయ్‌కి బంగినపల్లి ముక్కలు పంపాలనుకుంటున్నాం. సరుకు కాస్త మెత్తగా ఉన్నా కంటైనర్‌లో గడ్డకడుతుందని ఒకాయన అంటున్నాడు, నిజమేనా అన్నా?

– అస్సలు నమ్మొద్దు తమ్ముడూ! రీఫర్ కంటైనర్ (కరెంటుతో నడిచే శీతల కంటైనర్) సరుకులో అప్పటికే ఉన్న చల్లదనాన్ని కాపాడుతుందే తప్ప కొత్తగా గడ్డకట్టించదు. మీ కోల్డ్ స్టోరేజీలోనే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌కి తెచ్చి, పెట్టె మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూసుకున్నాకే ఎక్కించు. చల్లగాలి నేల నుంచి పైకొచ్చి తిరగాలి, అందుకే లోపలున్న ఎర్ర గీత దాటి పేర్చొద్దు.

– చెన్నై దాకా వెళ్లే ట్రైలర్‌కి జెన్‌సెట్ (దారిలో కంటైనర్‌కి కరెంటిచ్చే జనరేటర్) ఉందా? మే ఎండలో నాకైతే అదే టెన్షన్. లోపల డేటా లాగర్ (ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం) కూడా పెట్టండి, క్లెయిమ్ వస్తే రికార్డు ఉంటుంది.

– తోతాపురి గుజ్జు కూడా పంపుతారా? అసెప్టిక్ ప్యాకింగ్ (క్రిములు లేకుండా చేసి సీల్ వేసేది) అయితే దానికి రీఫర్ అక్కర్లేదు, మామూలు కంటైనర్ చాలు.