30 వేల లోపు రెజొనేటర్ గిటార్ – రౌండ్ నెక్కా, స్క్వేర్ నెక్కా?

పర్లాకిమిడి కుర్రోడు
అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా మామూలు అకూస్టిక్ మీదే బాటిల్‌నెక్ (వేలికి తొడిగే స్లైడ్ గొట్టం) వేసి గీకుతున్నాను, ఇంక రెజొనేటర్ (లోపల పల్చటి రేకు కోన్‌తో గట్టిగా మోగే గిటార్) ఒకటి కొనేద్దామని డిసైడ్ అయ్యాను. బడ్జెట్ 30 వేలు, మరీ సాగదీస్తే 35. పర్లాకిమిడిలో దొరకదని తెలుసు గానీ బరంపురం వెళ్ళి అడిగితే షాపాయన నా వంక చూసి "అదేటి బాబూ, ఎలక్ట్రిక్కా?" అన్నాడు. గ్రెచ్ బాక్స్‌కార్ బాగుంటుందా, రికార్డింగ్ కింగ్ బాగుంటుందా? మామూలుగా పట్టుకుని వాయించే రౌండ్ నెక్ తీసుకోవాలా, ఒళ్ళో పెట్టుకుని వాయించే స్క్వేర్ నెక్ తీసుకోవాలా? నాకు బ్లూస్ పిచ్చి, కానీ ఇంట్లో నాన్నగారికి భజనలు, అడపాదడపా ఒక కృతి వినిపించకపోతే డబ్బులు రావు. కలకత్తాలో ఒకాయన దగ్గర పాత రీగల్ కంపెనీ రెజొనేటర్ ఉందని కూడా అంటున్నారు, దాని సంగతీ చెప్పండి.

సముద్రంగాలి (బరంపురం)
తమ్ముడూ ఏది కొన్నా కొను, మెటల్ బాడీ మాత్రం వద్దు. మా ఇల్లు గోపాలపూర్ రోడ్డు వైపు, కిటికీ తీస్తే ఉప్పుగాలి. నికెల్ పాలిష్ తళతళలాడుతుంటే ముచ్చటపడి తెచ్చుకున్నాను, ఒక వర్షాకాలం అయ్యేసరికి మోచెయ్యి ఆనే చోట మచ్చలు మచ్చలు, కవర్‌ప్లేట్ (కోన్ మీద చిల్లుల మూత) స్క్రూల చుట్టూ తుప్పు. వాయించడం కన్నా తుడవడమే ఎక్కువ. తీగల గురించి చెప్పక్కర్లేదు, బెల్లంలా జిగటగా అయిపోతాయి.

స్లైడ్‌మాస్టర్
తుడుచుకోవడం చేతకాక ఇన్‌స్ట్రుమెంట్‌ని తిట్టేవాళ్ళు ఎక్కువైపోయారు. అసలు జాన్ డోపియెరా లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ కంపెనీకి 1927లో చేసిందే మెటల్ బాడీ, అందులో మూడు కోన్లు, పైన T ఆకారం బ్రిడ్జి. యాంప్లిఫైయర్లు లేని రోజుల్లో బ్యాండ్‌లో గిటార్ వినపడక చేసిన ఏర్పాటు అది. చెక్క బాడీ డోబ్రో ఆ మరుసటి ఏడు 1928లో, అన్నదమ్ములు విడిగా కంపెనీ పెట్టుకున్నాక వచ్చింది. రెజొనేటర్లు విప్పి బిగించడం నాకు వంట చేసినంత అలవాటు, కాబట్టి చెప్తున్నాను, శబ్దం వచ్చేది కోన్ నుంచి. బాడీ చెక్కా ఇత్తడా అన్నది తర్వాత మాట.

బల్లార్షా_బ్లూస్
తర్వాత మాట ఎట్లయితది అన్నా? ఒకే కోన్ ఉన్న రెండు గిటార్లు పక్కపక్కన పెట్టి విను, మెటల్‌ది గణగణమంటది, చెక్కది కొంచెం గుండ్రంగ వస్తది. ఇగ మా దిక్కు సంగతి వేరే ఉన్నది. మే నెలల ఇక్కడ 45 దాటుతది, గాలిల తడి ఉండదు. చెక్క ఎండి ఫింగర్‌బోర్డ్ కుంచించుకపోయి ఫ్రెట్ల చివర్లు బయటికి పొడుచుకొస్తయి, చెయ్యి జారిస్తే బొబ్బలే. మాకు మెటలే మంచిగ. బరంపురం అన్నకు ఉప్పు పంచాయితీ, మాకు ఎండ పంచాయితీ, ఒక్కటే సలహా ఇద్దరికి నడవదు.

స్లైడ్‌మాస్టర్
స్లైడ్ వాయించేవాడికి ఫ్రెట్ల చివర్లతో పనేంటి?

బల్లార్షా_బ్లూస్
అందరు ఒళ్ళో పెట్టుకునే వాయిస్తరా? పిల్లగాడు బ్లూస్ అన్నడు కదా, రౌండ్ నెక్ మీద చిటికెన వేలికి స్లైడ్ తొడిగి మిగిలిన వేళ్ళతో నొక్కుతరు. ప్రశ్న చదివి జవాబివ్వు.

రాయగడ వీణ టీచర్
బాబూ, ఇద్దరూ కొట్టుకోవడం ఆపితే ఒక మాట. నాన్నగారికి కృతి వినిపించాలంటే స్క్వేర్ నెక్కే మేలు, ఒళ్ళో పెట్టి స్టీల్ బార్‌తో వాయిస్తే గమకం గొంతులో పలికినట్టు వస్తుంది. మన గోటువాద్యం కూడా అదే పద్ధతి కదా, మెట్లుండవు, చెక్క కడ్డీతో జారుడే. స్క్వేర్ నెక్‌లో నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) ఎత్తుగా ఉండి తీగలు ఫింగర్‌బోర్డ్ మీంచి బాగా పైకి ఉంటాయి, వేళ్ళతో నొక్కి కార్డ్ పట్టడం మాట మరిచిపోవాలి. మెడ లావుగా ఉంటుంది కాబట్టి ఎక్కువ బిగువైనా తట్టుకుంటుంది. నా శిష్యులు ముందు కొనేసి తర్వాత అడుగుతారు, అందుకని ముందే చెప్తున్నాను.

గుణుపురం_గిటార్
ఇంత గొడవెందుకండీ, మోహనవీణ కొనేస్తే పోలా. అదీ రెజొనేటరే కదా.

రాయగడ వీణ టీచర్
కాదు బాబూ.

స్లైడ్‌మాస్టర్
కానే కాదు. విశ్వమోహన్ భట్ గారిది ఆర్చ్‌టాప్ గిటార్‌ని మార్చి చేసుకున్నది, తరఫ్ తీగలు (వాటంతటవే మోగేవి), చికారీలు (శ్రుతికి మీటేవి) కలిపి 20 తీగలు. లోపల అల్యూమినియం కోన్ ఏమీ ఉండదు. ఏది పడితే అది రెజొనేటర్ అనేస్తే ఇంక మాట్లాడి లాభం లేదు.

గుణుపురం_గిటార్
సరే గురువుగారూ, అంత ఎగరక్కర్లేదు. స్టీల్ కడ్డీతో వాయించేవన్నీ ఒకటే అనుకున్నా. ఆయనకి గ్రామీ వచ్చింది రెజొనేటర్ ఆల్బమ్‌కే అని ఎక్కడో చదివాను.

స్లైడ్‌మాస్టర్
1994లో గ్రామీ వచ్చిన ఆ ఆల్బమ్‌లో రై కూడర్ వేరే స్లైడ్ గిటార్, భట్ గారు మోహనవీణ. ఎక్కడో చదివాను అనే మాట తీసేస్తే ఇలాంటి చర్చలు సగం అయిపోతాయి.

సముద్రంగాలి (బరంపురం)
మేస్టారూ మీరు ఎక్కడ నేర్చుకున్నారో గానీ మాటల్లో మాత్రం కరుకు ఎక్కువ. మన దేశంలో ఈ స్టీల్ గిటార్ పిచ్చి ఇవాళ్టిది కాదు, హవాయి నుంచి టౌ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి ఎందరికో నేర్పారు, అక్కణ్ణించే బెంగాల్ అంతా పాకింది, ఒడిశాలోకీ వచ్చింది. తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా గారు హిందుస్తానీ రాగాలు అందులోకి తెచ్చారు. మా నాన్నగారి తరంలో బరంపురంలో పెళ్ళికి హవాయియన్ గిటార్ పెట్టించడం గొప్ప, ఇప్పుడు డీజే. అంతే.

కొరాపుట్ కాఫీ
నాది వేరే డౌట్, దీన్లో అడిగేస్తున్నాను. చర్చిలో వాయిస్తాను, పాటలో గిటార్ అస్సలు వినపడట్లేదు, మైక్ ఎక్కడ పెట్టాలి? పికప్ పెట్టించుకోమంటున్నారు, ఫిష్‌మన్ నాష్‌విల్ అంట, బాగుంటుందా?

బల్లార్షా_బ్లూస్
ముందుగాల డైనమిక్ మైక్‌తోని చూడు, ఎస్‌ఎం57 లాంటిది, కవర్‌ప్లేట్‌కు జానెడు దూరంల కొంచెం పక్కకు వంచి పెట్టు. సూటిగ కోన్ నడుమ పెడితే కీచుమంటది. పికప్ దొరికితే మంచిదే కాని అన్ని గిటార్లకు ఒక్క తీరుగ కుదరది, ముందు మీ దాంట్ల కోన్ మీద ఉన్నది బిస్కట్ బ్రిడ్జా (చెక్క బిళ్ళ), స్పైడరా (కాళ్ళున్నది) చూసుకో.

పర్లాకిమిడి కుర్రోడు
అన్నలూ, అక్కలూ, నా ప్రశ్న? బాక్స్‌కార్ గురించి ఒక్కరూ చెప్పలేదు.

సిరోంచ కాక
తమ్మీ నేను చెప్త. నా దగ్గర బాక్స్‌కార్ ఉన్నది, జీ9200, రౌండ్ నెక్. స్క్వేర్ నెక్ కావాలంటే అదే జీ9210. మహాగని బాడీ, కోన్ అల్యూమినియం. పైసలకు తగ్గట్టు మంచిగనే ఉన్నది. కాని నాది కొరియర్‌ల వచ్చింది, నాగపూర్ నుంచి ఇక్కడికి చేరేసరికి డబ్బ ఒక దిక్కు నొక్కుకపోయింది, విప్పిచూస్తే కోన్ జరిగి ఉన్నది. ఇప్పేటప్పుడు వీడియో తీసిన కాబట్టి బతికిపోయిన, లేకుంటే ఎవ్వడు పట్టించుకోకపోవు. ఇప్పుడు మూడో తీగ మీద జర్రుమంటది. అది సంగతి.

స్లైడ్‌మాస్టర్
కాకా, ఆ జర్రు పోతుంది. బాగా వినండి అందరూ, ఇది డబ్బులిచ్చినా చెప్పరు. కోన్‌ని జిగురుతో అంటించరు, తీగల బరువుతోనే లోపలి గట్టు మీద కూర్చుంటుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి వదులు చేయకూడదు. ముందు కవర్‌ప్లేట్ స్క్రూలు సున్నితంగా బిగించి చూడండి, వేలితో అక్కడక్కడ తట్టండి, జర్రుమనే చోటు తెలుస్తుంది. స్పైడర్ అయితే నడుమ స్క్రూ ఉంటుంది, జర్రు పోయే వరకే తిప్పాలి, అక్కడితో ఆపెయ్యాలి. బలం ఉంది కదాని తిప్పుకుంటూ పోతే కోన్ బిగుసుకుపోయి శబ్దం పీకనొక్కినట్టవుతుంది. స్పైడర్ కోన్ పదిన్నర అంగుళాలు, గిన్నెలా పైకి తెరుచుకుని ఉంటుంది, ఎనిమిది కాళ్ళ బ్రిడ్జి దాని అంచు మీద నిలబడుతుంది. బిస్కట్ కోన్ తొమ్మిదిన్నర, శిఖరం పైకి ఉంటుంది, దాని మీద చెక్క బిళ్ళ. ఇవి రెండూ ఒకదాని బదులు ఒకటి సరిపోవు.

సిరోంచ కాక
ఇదే ముందుగాల చెప్తే అయిపోవు కదా మాస్టరు, గింత కోపం దేనికి.

పర్లాకిమిడి కుర్రోడు
కాకా థ్యాంక్స్. మాస్టర్ గారూ మీక్కూడా. రీగల్ సంగతి?

స్లైడ్‌మాస్టర్
ముందు ఏ రీగల్ అది? 1930లలో చికాగో రీగల్ వాళ్ళు లైసెన్స్ మీద డోబ్రోలు చేశారు, అవైతే పురావస్తువులు, నీ 30 వేలకి కేస్ కూడా రాదు. ఇప్పుడు రీగల్ పేరుతో వచ్చేవి అమెరికాలో సాగా కంపెనీ విదేశాల్లో చేయించి తెప్పించేవి. కలకత్తా ఆయన "పాతది, పాతది" అంటుంటే రెండో రకాన్ని మొదటి రకం రేటుకి అమ్మేస్తున్నాడేమో చూడు.

గుణుపురం_గిటార్
అదే అమ్మినాయనకి నేను ఫోన్ చేశాను. మంచి మనిషే. నేనే తీసుకుందామనుకుంటున్నాను 😀

పర్లాకిమిడి కుర్రోడు
ఇదేటండీ, నేను అడుగుతుంటే మధ్యలో మీరు కొనేస్తారా?

సముద్రంగాలి (బరంపురం)
సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు ఒక్క పని చెయ్యి. కవర్‌ప్లేట్ చిల్లుల్లోంచి ఫోన్ టార్చ్ వేసి కోన్ మీద సొట్టలున్నాయేమో చూడు. పల్చటి రేకు అది, ఎవడో చెయ్యి ఆనించినా సొట్టపడుతుంది, అందుకే బ్రిడ్జి మీద చిన్న కమ్మీ పెడతారు. సొట్ట చిన్నదైతే పర్లేదు, కోన్ మార్చుకోవచ్చు, క్వార్టర్‌మన్‌వి గానీ బియర్డ్‌వి గానీ తెప్పించుకుంటే చవక గిటార్‌కి గొంతే మారిపోతుంది. కాకపోతే విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ వాళ్ళు వేసేది చూసి గుండె ఆగుతుంది, ముందే లెక్క వేసుకో. నెక్ వంపు ఉందేమో కూడా చూడు, అది కోన్‌లా తేలిగ్గా మార్చుకోలేవు.

కొరాపుట్ కాఫీ
నాకు ఎస్‌ఎం57 పనిచేసింది!! బల్లార్షా అన్నా థ్యాంక్యూ. ఇప్పుడు పాస్టరుగారు శబ్దం ఎక్కువైందంటున్నారు.

రాయగడ వీణ టీచర్
బాబూ, స్క్వేర్ నెక్ అంటే నీకు భయంగా ఉంటే రౌండ్ నెక్ తీసుకుని నట్ మీద ఎక్స్‌టెన్షన్ తొడుగు, గ్రోవర్ వాళ్ళది దొరుకుతుంది, తీసెయ్యొచ్చు, పెట్టుకోవచ్చు. కృతులకి ఒళ్ళో పెట్టుకో, బ్లూస్‌కి తీసేసి మామూలుగా పట్టుకో.

బల్లార్షా_బ్లూస్
టీచరమ్మా అది సరే గాని ట్యూనింగ్ గురించి చెప్పకపోతే పిల్లగాడు గిటార్ ఇరగ్గొట్టుకుంటడు. ఒళ్ళో వాయించేటోళ్ళు జీ బీ డీ జీ బీ డీ పెడతరు, అంటే ఆరో తీగ మూడు మెట్లు, అయిదోది రెండు మెట్లు పైకి గుంజుడే. ఆ పని రౌండ్ నెక్ మీద మామూలు తీగలతోని చెయ్యొద్దు. బ్లూస్ ఓపెన్ జీ అంటే డీ జీ డీ జీ బీ డీ, ఆరోది, అయిదోది, ఒకటోది కిందికి దించుడే, మెడకు ఆరాం. రౌండ్ నెక్‌కు అదే పెట్టుకో. ఓపెన్ డీ కూడ దించుడు ట్యూనింగే.

స్లైడ్‌మాస్టర్
స్క్వేర్ నెక్‌కైతే డడారియో ఈజే42 తీగలు వెయ్యి, మందం 16 నుంచి 56, అవి జీ బీ డీకే చేసినవి. రౌండ్ నెక్ మీద వాటిని బిగించేవాళ్ళని చూస్తే నాకు బీపీ వస్తుంది.

సిరోంచ కాక
మాస్టరుకు అన్నిటికి బీపీ వస్తది. స్క్రూ తిప్పిన, జర్రు పోయింది.

స్లైడ్‌మాస్టర్
ఎంత తిప్పారు కాకా?

సిరోంచ కాక
జరంత. భయపడకు.

పర్లాకిమిడి కుర్రోడు
సరే నేను ఫిక్స్ అయ్యాను. గుణుపురం గారూ ఆ రీగల్ మీరే తీసుకోండి, నాకొద్దు. నెక్ వంపు ఫొటో అడిగితే ఆయన పూలదండ వేసిన ఫొటో పంపాడు. నాన్నగారిని ఎలాగో ఒప్పించాను, బాక్స్‌కార్ రౌండ్ నెక్, ఇంకో ఎక్స్‌టెన్షన్ నట్. కొరియర్ వద్దు, వైజాగ్‌లో షాపు వాళ్ళు తెప్పిస్తామన్నారు, పలాస నుంచి రైలెక్కి నేనే తెచ్చుకుంటాను.

గుణుపురం_గిటార్
పూలదండా? అయితే నాకూ వద్దులెండి.

రాయగడ వీణ టీచర్
మంచిది బాబూ. రైల్లో పై బెర్త్ మీద పెట్టకు, పక్కనే నిలబెట్టుకో. స్టీల్ బార్ ఏది కొంటున్నావు?

బల్లార్షా_బ్లూస్
ఒళ్ళో వాయించాలంటే గాడి ఉన్న స్టీవెన్స్ తీరు బార్ తీసుకో తమ్మీ, పట్టు దొరుకుతది. గుండ్రటివి జారిపోతయి.

స్లైడ్‌మాస్టర్
జారిపోవడం బార్ తప్పు కాదు. ఈ బార్ సంగతి వేరే చర్చ పెట్టండి, నేను వివరంగా రాస్తాను.

సముద్రంగాలి (బరంపురం)
పెట్టొద్దు ఎవరూ, దండం పెడతాను.