అమ్మ పన్నుకు రూట్ కెనాలా, పీకించడమా?

ప్రశ్న: అమ్మకు కింది దవడ పన్ను పుచ్చింది. వేడి కాఫీ తగిలితే విలవిల్లాడిపోతోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు. డాక్టరుగారు రూట్ కెనాల్ అన్నారు. అమ్మేమో పీకించేయమంటోంది. మందులతో తగ్గదా?

జవాబు 1: తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుందండీ. పాడైన నరం పంటి లోపలే ఉంటుంది కదా. ఆ పన్ను వేళ్ళలో నరం ఉండే సన్నటి కాలువలు (కెనాల్స్) మామూలుగా 3, ఒక్కోసారి 4. మత్తిచ్చి, సూదుల్లాంటి సన్నటి ఆకురాళ్ళతో (ఫైళ్ళు) వాటిని గీకి, మందు నీళ్ళతో కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేస్తారు. నాకైతే నొప్పి కన్నా అంతసేపు నోరు తెరిచి ఉంచడమే కష్టమైంది. పన్ను నిలిచేలా ఉంటే పీకించకండి.

జవాబు 2: రూట్ కెనాల్ అయ్యాక పన్నుకు తొడిగే క్యాప్ మాత్రం వాయిదా వేయకండి. మా నాన్నగారు నొప్పి పోయిందిగా అని ఊరుకున్నారు. పల్లీ చిక్కీ కొరికితే పన్ను నిలువునా చీలింది, చివరికి పీకాల్సొచ్చింది.

ప్రశ్న అడిగినవారు: అమ్మకు షుగర్ ఉంది, ఫర్వాలేదా?

జవాబు 1: చేయించుకోవచ్చు. ముందే డాక్టరుకు చెప్పండి. ఖాళీ కడుపుతో మాత్రం తీసుకెళ్ళకండి.