పాత పినో నువార్ అంటే బర్గండీదేనా?

డిజాన్_రాజు:
అమెరికాలోని ఒరెగాన్‌లో పినో నువార్ ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌ని పదిహేనేళ్లు దాచితే ఫ్రాన్స్‌లోని బర్గండీ వైన్‌కి ఏమాత్రం తీసిపోదని శ్రీను గారు పోయిన వారం రాశారు. నేను ఒప్పుకోను. ఆ ద్రాక్షకు పేరొచ్చిందే బర్గండీలో. దిగుబడి ఎక్కువిచ్చే గామే అనే వేరే ద్రాక్ష తీగల్ని పీకెయ్యమని 1395లోనే అక్కడి డ్యూక్ ఫిలిప్ శాసనం చేశాడు. సీతో మఠం సన్యాసులు క్లో ద వూజో చుట్టూ రాతిగోడ కట్టి, తరాల తరబడి ఆ తోట సాకారు. అక్కడి మడుల తేడాలకే 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నిన్నమొన్నటి తోటలు దానికి సాటా?

హిల్స్‌బొరో_శ్రీను:
మా ఒరెగాన్‌లోని విలామెట్ లోయలో డేవిడ్ లెట్ 1965లో పినో నాటాడు. ఆయన 1975 వైన్ 1980లో బర్గండీ నడిబొడ్డున, బోన్ ఊళ్లో, ద్రూఅఁ అనే అక్కడి వైన్ కంపెనీ పెట్టిన పోటీలో రెండోది వచ్చింది. మొదటిది ద్రూఅఁ వాళ్లదే, 1959 షాంబోల్ మ్యూజిన్యీ. తేడా 0.2 పాయింట్లు. 1987లో ఆ కుటుంబమే వచ్చి ఇక్కడ డండీ హిల్స్‌లో భూమి కొంది. నేల మంచిది కాకపోతే ఎందుకొస్తారండీ?

డిజాన్_రాజు:
రెండోది అంటే రెండోదే.

హిల్స్‌బొరో_శ్రీను:
అయిదేళ్లు నిండని సీసా ఇరవై ఏళ్ల సీసా పక్కన నిలబడింది. అది చూడరేం?

డిజాన్_రాజు:
మనం మాట్లాడేది పాత వైన్ గురించి. అయిదేళ్ల సీసాతో వయసు సంగతి ఏం తేలుతుంది?

తెనాలి_బాబు:
ఆ ధరలు చూశాక నేను రెండూ తాగను.

సుధ_లండన్:
ఒక షాపులో పాత బర్గండీ కొన్నాను. బిరడా పొడిపొడిగా రాలిపోయింది. గ్లాసులో పోస్తే డికాక్షన్ రంగు, వెనిగర్ వాసన. డబ్బు వెనక్కివ్వలేదు. బర్గండీ పేరు చూసి ఎవరూ కొనకండి.

డిజాన్_రాజు:
సుధ గారూ, అది నిల్వ ఉంచినవాళ్ల తప్పు. పినోలో టానిన్, అంటే ద్రాక్ష తొక్క నుంచి వచ్చే వగరు, తక్కువ; వేడి తగిలితే పోతుంది. బాగా దాచింది అంచున ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎండుటాకులు, పుట్టగొడుగులు, తడిమట్టి వాసనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మడ్డి కదలకుండా నిదానంగా వంపాలి.

హిల్స్‌బొరో_శ్రీను:
పేరుకే డబ్బు పోస్తారు కాబట్టే రూడీ కుర్నియావన్ లాంటి నకిలీ వైన్‌ల వాళ్లు బతికారు. బర్గండీలోని పొన్సో వాళ్లు క్లో సాన్ దెనీ అనే వైన్ చెయ్యడం మొదలెట్టింది 1982లో. అతను అంతకుముందు సంవత్సరాల లేబుళ్లు అంటించి 2008లో న్యూయార్క్‌లో వేలానికి పెట్టించాడు. చివరికి పదేళ్ల జైలు పడింది.

డిజాన్_రాజు:
అసలుది రుచి చూడనివాళ్లకు నకిలీ ఏం తెలుస్తుంది?

హిల్స్‌బొరో_శ్రీను:
ఈ మాట నాకు కొత్త కాదు. ఒకరింటికి విందుకెళ్తూ, పన్నెండేళ్లు దాచుకున్న ఒరెగాన్ సీసా తీసుకెళ్లాను. లేబుల్ చూసి వంటింట్లో ఓ మూల పెట్టేశారు. మూత కూడా తియ్యలేదు. మీ లెక్కలో నాలాంటివాడికి రుచి తెలియదంతే.

డిజాన్_రాజు:
నా దగ్గర ఖరీదైన సీసా ఒక్కటీ లేదు. చదువుకునే రోజుల్లో బర్గండీలో ద్రాక్ష కోతకు వెళ్లేవాణ్ణి. సాయంత్రానికి నడుం పట్టేసేది. ఆ ఊళ్లవాళ్లకు ఊరి పేరే ఆస్తి. అమెరికాలో చౌక వైన్‌కు దశాబ్దాలపాటు ‘బర్గండీ’ అని పెట్టి అమ్మారు. అమెరికా, యూరప్ మధ్య 2006లో కుదిరిన వైన్ ఒప్పందం కూడా పాత లేబుళ్ల జోలికి పోలేదు. నా బాధ అది.

హిల్స్‌బొరో_శ్రీను:
డండీ రైతులు డండీ అనే రాసుకుంటారు. వాళ్ల మీద కోపమెందుకు? ముప్పై ఏళ్ల సీసాలు రెండిటినీ లేబుళ్లు కప్పి పక్కపక్కన పెడదాం. వస్తారా?

డిజాన్_రాజు:
రాను. ఏ ఊళ్లో, ఏ మడిలో పండిందో తెలియకుండా నేను తాగను.